చెక్‌డ్యాంలు లెక్కపెట్టారు సరే, నీళ్ళు ఎవరు కొలవాలి? (వీడియోతో)

పోయిన వారం వీడియోలో మా ఊరి వాటర్‌షెడ్ బోర్డు చూపించాను కదా. దాని మీద ప్రాజెక్టు పేరు ఉంది, విస్తీర్ణం ఉంది, మంజూరైన సొమ్ము ఉంది. చెక్‌డ్యాంలు ఇన్ని, ఊట కుంటలు ఇన్ని, కందకాలు ఇన్ని మీటర్లు అని వరసగా రాశారు. నీళ్ళ గురించి మాత్రం ఒక్క అంకె లేదు. నీళ్ళ కోసం కట్టిన ప్రాజెక్టు బోర్డు మీద నీళ్ళ లెక్క లేకపోవడం ఏంటని వీడియోలో అన్నాను. ఆ తర్వాత చాలామంది ఫోన్ చేసి "అన్నది బాగానే ఉంది, మరి ఎలా కొలవాలి, ఎవరు కొలవాలి?" అని అడిగారు. పదిహేను నిమిషాల వీడియోలో చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నా.

మాది ఉమ్మడి అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. వ్యవసాయ డిప్లొమా అయ్యాక ఆరెకరాల్లో ప్రకృతి వ్యవసాయం, దానికి తోడు ఒక గానుగ పెట్టుకున్నాను. గానుగకు శెనక్కాయలు, నువ్వులు ఇచ్చే రైతులు ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ళ బోర్లు ఆగితే నా గానుగా ఆగుతుంది. కాబట్టి ఈ లెక్కలు నాకు సరదా కోసం కాదు.

ముందు డబ్బు సంగతి. మెట్ట ప్రాంతాల్లో నేల, నీళ్ళు కాపాడటానికి మన దేశం పెడుతున్నది చిన్న మొత్తం కాదు. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ నివేదిక ఇచ్చాక, 1995 ఏప్రిల్ నుంచి వాటర్‌షెడ్ పనులు సుమారు 500 హెక్టార్ల ముక్కలుగా, హెక్టారుకు 4,000 రూపాయల చొప్పున మొదలయ్యాయి. 2008లో ఉమ్మడి మార్గదర్శకాలు వచ్చాక హెక్టారుకు 12,000 అయింది, కొండ ప్రాంతాలకు 15,000. రెండో విడత వాటర్‌షెడ్ కార్యక్రమాన్ని 2021లో ఆమోదించినప్పుడు 49.5 లక్షల హెక్టార్ల లక్ష్యం పెట్టారు, కేంద్రం వాటా 8,134 కోట్లు. హెక్టారుకు 22,000, కష్టమైన ప్రాంతాలకు 28,000. ఉపాధి హామీ కింద తవ్విన కందకాలు, పంట కుంటలు ఇందులో లేవు, అవి వేరే.

మరి కొలవడానికి ఎంత? 2008 మార్గదర్శకాల్లో పర్యవేక్షణకు 1 శాతం, మూల్యాంకనానికి 1 శాతం రాశారు. 5,000 హెక్టార్ల ప్రాజెక్టు అంటే 6 కోట్లు. అందులో పర్యవేక్షణకు 6 లక్షలు, అదీ నాలుగు నుంచి ఏడేళ్ళకు. ఎకరాకు చూస్తే యాభై రూపాయల లోపే. ఆ డబ్బుతో ఎవరైనా ఏం కొలుస్తారు? కళ్ళకు కనపడేది కొలుస్తారు. కట్టిన రాయి, తవ్విన మట్టి. ఎం.బుక్‌లో ఘనపు మీటర్లు రాసుకుంటే పని అయిపోతుంది.

పనులు జరగలేదని నేను అనడం లేదు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దేశంలో 311 వాటర్‌షెడ్ల అధ్యయనాలు కలిపి 2005లో ఒక విశ్లేషణ ఇచ్చారు. సగటున రూపాయి పెడితే 2.14 రూపాయల ప్రయోజనం కనపడింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుంచి జరిగిన పని చూసినవాళ్ళు ఎవరూ వాటర్‌షెడ్ దండగ అనరు. కానీ సగటు అంటే సగటే. అధ్యయనాలు చేసేవాళ్ళు ఎక్కువగా ఎక్కడికి పోతారు? పని బాగా జరిగిన ఊళ్ళకే పోతారు. కొట్టుకుపోయిన చెక్‌డ్యాం మీద పరిశోధన పత్రం రాసేవాళ్ళు తక్కువ.

వాన చేసిన పని ప్రాజెక్టు ఖాతాలోకి

మా ఊళ్ళో ప్రాజెక్టు ముగిశాక మూల్యాంకనం కోసం ఒక బృందం వచ్చింది. ఏ సంస్థో ఇక్కడ అనవసరం. ఉదయం పదకొండుకు దిగారు, సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోయారు. వచ్చింది అక్టోబరు చివర్లో, చెక్‌డ్యాం నిండుగా ఉన్నప్పుడు. ఫొటోలు బాగా వచ్చాయి. వాళ్ళ ఫారంలో "భూగర్భ జలం ఎంత పెరిగింది?" అని ఒక ప్రశ్న. ఒక మీటరు లోపు, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడు పైన. ఇవే గళ్ళు. తగ్గింది అనే గడి లేదు. "మాది తగ్గింది సార్" అన్న పెద్దాయన కాగితంలో "ఒక మీటరు లోపు" దగ్గర టిక్కు పెట్టారు!

ఆ నివేదిక ఊళ్ళో ఎవరూ చదవలేదు. కానీ "మన దగ్గర నీళ్ళు పెరిగినాయంట" అనే మాట మాత్రం తిరిగింది. ఆ మాట మీద మా పక్క చేను అన్న అప్పు తెచ్చి బోరు వేశాడు. 420 అడుగులు. మొదటి ఏడాది పండింది. రెండో ఏడాది మార్చిలోనే నీళ్ళు గుక్కలు గుక్కలుగా వచ్చి ఆగిపోయాయి. అప్పు మాత్రం ఇంకా నడుస్తోంది. తప్పుడు లెక్క వల్ల నష్టం ఎవరికి అంటే ఇదిగో, ఇలా.

పెరిగింది అనే మాట నిజమే అనుకుందాం. దేని వల్ల పెరిగింది? మా జిల్లాలో 2018 కరువు అందరికీ గుర్తే. 2021, 2022లో వానలు ఏ స్థాయిలో పడ్డాయో కూడా గుర్తే, 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో కాలనీలే మునిగాయి. 2018లో మొదటి కొలత తీసి, 2022లో చివరి కొలత తీస్తే ఏ పనీ చేయని ఊళ్ళో కూడా నీళ్ళు పైకి వచ్చినట్టే కనపడుతుంది. అదే 2022లో మొదలుపెట్టి కరువు సంవత్సరంలో ముగిస్తే, మంచి పని కూడా దండగ అయినట్టు కనపడుతుంది. పైగా హంద్రీ-నీవా నీళ్ళు చేరిన చెరువుల కింద బోర్లు పెరిగితే అది కృష్ణా నీళ్ళ వల్లా, చెక్‌డ్యాం వల్లా?

దీనికి దారి లేకపోలేదు. ప్రాజెక్టు లేని, కాలువ నీళ్ళు రాని, మట్టి, వాన ఒకేలా ఉండే పక్క ఊరిని కూడా అదే రోజుల్లో కొలవాలి. రెండు ఊళ్ళకూ మధ్య తేడా ఎంతో అది ప్రాజెక్టు చేసిన పని. వినడానికి చాలా మామూలు విషయం. కానీ పక్క ఊళ్ళో కొలవడానికి ఏ బడ్జెట్‌లోనూ డబ్బు ఉండదు, ఎందుకంటే ఆ ఊరు ప్రాజెక్టులో లేదు!

ఇంకో సంగతి అందరూ మర్చిపోతారు, వంక కింది ఊరు. పైన ఆపిన ప్రతి చుక్కా కింది చెరువుకు రావలసిందే. 2003 ప్రాంతంలో గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు కోసం చార్లెస్ బాచిలర్, రామమోహనరావు, మనోహరరావు కలిసి మా కళ్యాణదుర్గం మండలంలో, కర్నూలు జిల్లా డోన్ మండలంలో నీటి ఆడిట్ చేశారు. పారే నీళ్ళలో ఎక్కువ భాగం అప్పటికే ఎక్కడికక్కడ ఆగిపోతోందని, బోర్లు పెరిగి, పైన కట్టడాలు పెరిగి చెరువుల్లోకి నీళ్ళు తగ్గుతున్నాయని అందులో తేలింది. వాటర్‌షెడ్ పరిష్కారమా, సమస్యలో భాగమా అని వాళ్ళు సూటిగానే అడిగారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఒక ప్రాజెక్టు నివేదికలో కింది చెరువు గురించి ఒక పేరా ఉంటే అది అదృష్టమే.

పచ్చగా కనపడితే చాలా?

ఇప్పుడు ఉపగ్రహాలు వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాటర్‌షెడ్ల కోసం భువన్‌లో సృష్టి పోర్టల్, దృష్టి మొబైల్ యాప్ తయారుచేసింది. కట్టిన ప్రతి కట్టడానికీ ఫొటో, అది ఉన్న చోటు నమోదవుతాయి. ఒకే చెక్‌డ్యాంకు రెండు పథకాల్లో బిల్లు పెట్టడం కష్టమైంది. అది మంచిదే. ఊళ్ళో సామాజిక తనిఖీ కూడా అలాంటి మేలే చేసింది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన బండ్లపల్లి మా జిల్లాలోనే ఉంది, తర్వాత సామాజిక తనిఖీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపించింది. కూలీ డబ్బులు ఎవరు తిన్నారో ఊరి మధ్యలో చదివి వినిపించారు. అయితే ఆ తనిఖీ ముఖ్యంగా అడిగేది కందకం తవ్వారా, కూలి ఇచ్చారా అని. ఆ కందకంలో నీళ్ళు ఇంకాయా అనేది వేరే ప్రశ్న.

ఉపగ్రహం చూసేది పచ్చదనం. అది ఎంత పచ్చగా ఉంటే అంత మార్కులు. కానీ 400 అడుగుల బోరు రోజంతా తోడి రబీలో వరి వేసినా చిత్రంలో పచ్చగానే ఉంటుంది. నీలగిరి తోట వేసినా పచ్చగానే ఉంటుంది. నేల కింద ఖాళీ అవుతున్నది పైనుంచి తీసిన ఆ ఫొటోలో కనపడదు. అలాగే "సాగునీటి విస్తీర్ణం పెరిగింది" అనేది దాదాపు ప్రతి నివేదికలో విజయం కింద రాసుకునే అంకె. నన్నడిగితే మెట్ట ప్రాంతంలో అది విజయమో, ప్రమాదమో మే నెల వచ్చేదాకా చెప్పకూడదు.

ఎందుకో చిన్న లెక్క చూడండి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. మా లాంటి గ్రానైటు నేలల్లో పడిన వానలో పదో వంతు, మట్టిని బట్టి అంతకన్నా తక్కువే, భూమి లోపలికి చేరుతుందని భూగర్భ జలాల అంచనాల్లో వేసుకుంటారు. 550లో పదో వంతు 55 మిల్లీమీటర్లు. అంటే ఎకరాకు రెండు లక్షల ఇరవై వేల లీటర్లు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు పెడితే, దాదాపు 22 ఎకరాల మీద ఏడాదంతా ఇంకిన నీళ్ళు ఆ ఒక్క ఎకరానికే పోతాయి. కొంత మళ్ళీ నేలలోకే ఇంకుతుంది అనుకున్నా, చాలా ఎకరాల నీళ్ళు అవి. శెనక్కాయకు 500 మిల్లీమీటర్లు పెడితే 9 ఎకరాలవి. చెక్‌డ్యాం ఈ ఇంకుడును కొంత పెంచుతుంది. పంట మారిస్తే మిగిలేది దానికి ఎన్నో రెట్లు. కానీ పంట మార్పుకు ఫొటో తీయడానికి ఏముంటుంది, శిలాఫలకం ఎక్కడ పెడతారు?

రైతులే కొలిచారు, ఇక్కడే

ఇదంతా ఆఫీసులు చేయాల్సిన పని కదా అని అనిపిస్తుంది. కానీ మన జిల్లాల్లోనే రైతులు చేసి చూపించారు. నెదర్లాండ్స్ డబ్బుతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయంతో 'ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు' అనే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం, ఈ ఏడు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్ళలో. రైతులే, ఆడవాళ్ళు మగవాళ్ళు, వానమాని చూసి రాశారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచారు. బోరు ఎంత పోస్తుందో కొలిచారు. ఊరి గోడ మీద రాసిపెట్టారు. వానాకాలం అయ్యాక, రబీ విత్తే ముందు అందరూ కూర్చుని ఎంత నీళ్ళున్నాయి, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేశారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, ఎవరినీ వరి వేయొద్దు అని శాసించలేదు. జరిమానా లేదు, సబ్సిడీ లేదు. అంకె చూసి చాలామంది వాళ్ళంతట వాళ్ళే పంట మార్చుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన భారత భూగర్భ జలాల నివేదిక కూడా దీన్ని ప్రత్యేకంగా చెప్పింది. ఆఫీసుకు పంపడానికి తీసిన కొలత ఫైల్లో పడి ఉంటుంది. రబీకి ఏం విత్తాలో తేల్చుకోవడానికి తీసిన కొలత పొలంలో పని చేస్తుంది.

ఇక మనం ఏం చేయగలం అనేదానికి వస్తాను. మేం పోయిన ఏడాది నుంచి చేస్తున్నది ఇది. (పై వీడియోలో 6వ నిమిషం నుంచి చూడండి.)

వానమాని ఖరీదైన వస్తువు కాదు. చెట్టు నీడ, గోడ పక్కన పెట్టొద్దు. ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాయాలి, వాతావరణ శాఖ టైమూ అదే, అప్పుడు మన అంకె వాళ్ళ అంకెతో పోల్చుకోవచ్చు. వాన లెక్క లేకుండా బోరు లెక్క ఒక్కటే రాస్తే ఏ ఉపయోగమూ లేదు.

బోరు పోత కొలవడం అన్నిటికన్నా సులువు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కడమే. 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు 64,800 లీటర్లు, ఎకరా మీద పరిస్తే 16 మిల్లీమీటర్లు. మోటారు వేసిన వెంటనే కొలవొద్దు, గంట ఆడాక కొలవాలి. ప్రతిసారీ అంతే సేపు ఆడాక కొలవాలి.

నీటి మట్టానికి మేం బజర్ తీగ వాడుతున్నాం. రెండు పోగుల తీగ, ఒక బ్యాటరీ, ఒక బజర్. చివర నీళ్ళకు తగలగానే మోగుతుంది. ఆడుతున్న బోరులోకి దించితే పైపుకు, కేబుల్‌కు చుట్టుకుంటుంది, మళ్ళీ మెకానిక్‌ను పిలవాలి. అందుకే మోటారు తీసేసిన పాత బోరు గానీ, చేద బావి గానీ ఎంచుకోండి. (కొలిచాక పాత బోరు మూత బిగించడం మాత్రం మర్చిపోవద్దు, ఊళ్ళో పిల్లలుంటారు.) కరెంటు రాకముందు, పక్క బోర్లు ఆడకముందు, తెల్లవారుజామున కొలవాలి. ఎక్కడి నుంచి కొలుస్తున్నారో కేసింగ్ మీద రంగుతో గీత పెట్టుకోండి. కుదరనివాళ్ళు ఏడాదికి రెండుసార్లైనా, మే చివర్లో, నవంబరులో చేయండి. నన్నడిగితే ఒక్కసారే అయితే మే. నవంబరులో ప్రతి ఊరూ బాగానే ఉంటుంది.

బోరు లేని రైతును మాత్రం వదిలేయొద్దు. చెక్‌డ్యాం పక్కన బోరున్న నలుగురికి నీళ్ళు పెరిగితే అది ఊరికి పెరిగినట్టు కాదు. పైన గుట్ట వాలులో వానాధారం మీద కంది, కొర్ర వేసే రైతుకు ప్రాజెక్టు ఏం చేసిందో చూడాలంటే ఆయన నేలనే కొలవాలి. ఆరంగుళాల పైపు ముక్క నేలలోకి రెండంగుళాలు దిగ్గొట్టి, లీటరు నీళ్ళు పోసి ఎంతసేపట్లో ఇంకిందో చూడండి. మొదట ఒకసారి తడిపి, రెండోసారి పోసినది లెక్కలోకి తీసుకోండి. ఆచ్ఛాదన ఉన్న మడిలో, పక్కనే బోడి నేలలో ఒకే రోజు చేస్తే తేడా కళ్ళకు కనపడుతుంది.

ఇక్కడ మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళతో ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. సేంద్రియ కర్బనం ఒక్క ఏడాదిలో 0.3 నుంచి 0.9కి పెరిగింది అని వీడియోల్లో చెబుతుంటారు. ఎకరాలో పైన ఆరంగుళాల మట్టి సుమారు 850 టన్నులు. దాంట్లో 0.6 శాతం అంటే 5 టన్నుల కర్బనం. ఎండు చెత్తలో కర్బనం 40 శాతం చిల్లర. అంటే 12 టన్నుల ఎండు చెత్త వేసి, ఒక్క పిడికెడు కూడా కుళ్ళి గాలిలో కలవకుండా మట్టిలోనే ఉండాలి. జరిగే పనేనా? చాలావరకు ఆ తేడా మట్టి తీసిన చోటు మారడం వల్లో, లోతు మారడం వల్లో, ల్యాబు మారడం వల్లో వచ్చి ఉంటుంది. ఒకే చోటు, ఒకే లోతు, ఒకే నెల, ఒకే ల్యాబు, మూడు నాలుగేళ్ళు. అప్పుడు 0.1 పెరిగినా గర్వంగా చెప్పుకోవచ్చు. అది ఎకరాకు 850 కిలోల కర్బనం, తక్కువేం కాదు.

ఇది ఎందుకు ఇప్పుడు చెబుతున్నానంటే, తర్వాతి లెక్క మనదే. 2024 నవంబరులో కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. 2,481 కోట్లు, 15,000 క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులు. ఈ అంకెలన్నీ చూడండి, మళ్ళీ బోర్డు మీద అంకెల్లాంటివే. ఇన్ని క్లస్టర్లు, ఇంతమంది పేర్లు, ఇన్ని జీవామృతం కేంద్రాలు. అదే సమయంలో 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల పాడైన భూమిని బాగు చేస్తామని దేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. అక్కడ చూసేవి మూడే మూడు, నేల మీద ఏముంది, అది ఎంత పండుతోంది, మట్టిలో కర్బనం ఎంత. డ్రమ్ముల్లో జీవామృతం ఎంత కలిపామో అక్కడ ఎవరూ అడగరు. మన దగ్గర మొదటి కొలత లేకపోతే, నాలుగేళ్ళ తర్వాత మన నేల బాగుపడిందని మనం చెప్పినా, పడలేదని ఇంకొకరు చెప్పినా తేల్చే కాగితం ఉండదు. క్లస్టర్‌లో పేరు ఇచ్చే ముందే మట్టి నమూనా తీసి, చీటీ దాచుకోండి.

మా ఊళ్ళో మేం గ్రామసభలో రాసి ఇచ్చింది కూడా చిన్న కోరికే. కొత్త విడత ప్రాజెక్టు వస్తే బోర్డు మీద ఇంకో నాలుగు గళ్ళు కావాలి. ఆ ఏడాది వాన, మే చివర్లో అయిదు గుర్తించిన బోర్ల మట్టం, పక్క ఊళ్ళో రెండు బోర్ల మట్టం, కింది చెరువు నిండిన రోజులు. రాసే పని మేమే చేస్తాం, డబ్బు అడగలేదు. తీర్మానం రాశారు, పైకి పంపామన్నారు, జవాబు ఇంకా లేదు. ఈలోగా పంచాయతీ గోడ మీద సున్నం కొట్టి మేమే మొదలుపెట్టాం. మొదట్లో నవ్వినవాళ్ళు ఇప్పుడు టీ తాగుతూ ఎవరి బోరు ఎంత దిగిందో చూసి పోతున్నారు. పక్క చేను అన్న పాత బోరే మా మూడో నంబరు కొలత బోరు.

ఈ మే ఆఖరి వారంలో రీడింగులు తీసేటప్పుడు పూర్తి వీడియో పెడతాను. బజర్ తీగకు మీటరు గుర్తులు ఎలా వేసుకోవాలో, సాగిపోకుండా ఏ తీగ కొనాలో అందులో చూపిస్తా. ఈలోగా మీ ఊళ్ళో మూసేసిన పాత బోరు ఏదైనా ఉంటే, అందులో నీళ్ళున్నాయో లేదో ఒక చిన్న రాయి వేసి విని చూడండి.